సంచి తగిలించిన కొమ్మ

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ పట్టా చేతికొచ్చి దాన్ని ఎవరికి చూపించాలో తెలియక తిరుగుతున్న రోజుల్లో, మధ్యాహ్నాలు ఇప్పటికంటే చాలా పొడుగ్గా ఉండేవి. మామిడి తోటలో ఒక మధ్యాహ్నం మొదలైందంటే అది ఎప్పుడు అయిపోతుందో మామిడికే తెలియదు. ఆకుల సందుల్లోంచి ఎండ జల్లెడ పట్టినట్టు రాలుతుండేది. తేనెటీగలు పూతలో దూరి ఏదో పాఠం వల్లె వేస్తుండేవి. నేను చెట్టుకింద వెల్లకిలా పడుకుని వ్యవసాయ రంగానికి సేవ చేస్తుండేవాణ్ని. అలా సేవ చేస్తూ చేస్తూ ఒక చెట్టును దాదాపు చంపేశాను. జీవితంలో మెలకువగా ఉండి చెడగొట్టిన పనులు నాకు చాలానే ఉన్నాయి గానీ, నిద్రపోతూ చెడగొట్టింది ఇదొక్కటే కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

ముందు నా ముక్కు సంగతి. అది ఊపిరి పీలుస్తుంది, కళ్లద్దాలు మోస్తుంది, అంతకుమించి ఏ బాధ్యతా పెట్టుకోదు. చిన్నప్పుడు గద్వాలలో ఒక వానాకాలం నాకు పట్టిన జలుబు, వెళ్తూ వెళ్తూ వాసనను కూడా వెంట తీసుకుపోయింది. దవాఖానలో చూపిస్తే డాక్టరు టార్చి వేసి, లోపల ఎవరైనా ఉన్నారా అన్నట్టు వంగి చూసి, "పెద్దయితే వస్తది" అన్నాడు. నేను పెద్దయ్యాను. ఇంట్లో దీనివల్ల నాకు దక్కిన హోదా ఒక్కటే, ఏ మూలన ఎలుక చచ్చినా తీసే పని నాది. అమ్మ పక్కింటివాళ్లతో గర్వంగా చెప్పేది, "మావోనికి వాసనే తెల్వదు, ఏ పనన్న చేస్తడు." (పెళ్లి సంబంధాల దగ్గర మాత్రం ఈ అర్హతను పైకి చెప్పేవాళ్లు కాదు.)

అలాంటి ముక్కుకు దొరికిన మొదటి ఉద్యోగం వాసనల శాఖలో. వనపర్తిలో ఒక పెద్ద సారు ఉండేవాడు. మామిడి, టేకు చెట్ల బెరడు తొలిచే పురుగుల మీద ఆయన పరిశోధన. ఒక సీజన్ పాటు తోటలో ఉండి చూసుకునే మనిషి కావాలన్నాడు. కళ్లు బాగా కనిపిస్తాయా అని అడిగాడు, పాములంటే భయమా అని అడిగాడు, సైకిల్ తొక్కడం వచ్చా అని అడిగాడు. వాసన తెలుస్తుందా అని మాత్రం అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పడం అతితెలివి అవుతుందని నేనూ ఊరుకున్నాను.

చేరిన మొదటి రోజు సారు ఒక ఎండిన కొమ్మను చేతిలో పట్టుకుని చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ కలలో విన్నట్టే ఉంటాయి. "చెట్టు మాట్లాడదనుకుంటాం. మాట్లాడుతుంది, మనకు తెలియదు, అంతే. నీళ్లు దొరకకనో వేరు దెబ్బతినో బాధలో ఉన్న చెట్టు లోపల్లోపల పులుస్తుంది. సారాయి లాంటి సన్నటి వాసన బయటికి పోతుంది. ఈ పురుగు చూడు, ఆవగింజంత. దీనికి రెండు మీసాలు, మీసాల చివర గుండీల్లాంటివి, వాటి నిండా కంటికి కనపడనంత నూగు. ఆ నూగుకు గాలిలోంచి ఒక్క రవ్వ తగిలిందంటే చాలు, గాలికి ఎదురు తిరిగి ఆ చెట్టును వెతుక్కుంటూ పోతుంది. కొన్ని జాతుల్లో ముందు చేరిన పురుగు మిగతావాటికి కబురు పెడుతుంది. అదీ వాసనతోనే. రండి, ఇక్కడ చోటుందని. చెట్టు నిండిపోయాక ఇంకో వాసన వదుల్తాయి. ఇక చాలు, వేరే చెట్టు చూసుకోండని."

"మన బస్సులకంటే నయం సార్, నిండిందని చెప్తున్నాయి" అన్నాను నేను. సారు నవ్వలేదు. ఆయన నవ్వగా నేను చూసింది ఒక్కసారే. అది తర్వాత వస్తుంది.

పని చాలా సులువు. కూల్‌డ్రింక్ సీసాలకు పక్కన కిటికీల్లా కోసి, తలకిందులుగా వేలాడదీయాలి. లోపల చిన్న డబ్బీలో స్పిరిట్, అందులో దూది వత్తి. అడుగున సబ్బు నీళ్లు. బాధలో ఉన్న చెట్టు వాసన అనుకుని పురుగు వస్తుంది, సబ్బు నీళ్లలో పడుతుంది, నేను లెక్కపెడతాను. ఒక్క జాగ్రత్త మాత్రం సారు మూడుసార్లు చెప్పాడు. "సీసాలు చెట్లకు కట్టకు. దూరంగా గుంజలు పాతి కట్టు. వాసన ఎక్కడుంటే పురుగు అక్కడికే వస్తుంది. చెట్టుకు కడితే, చెట్టును మనమే చూపించినట్టు." నేను దీన్ని నోటు పుస్తకంలో ఎర్ర సిరాతో రాసి, కింద రెండు గీతలు గీశాను. అక్షరాలా పాటించాను కూడా. పది సీసాలు, పది గుంజలు, చెట్లకు ఎంత దూరమో అడుగులతో కొలిచి మరీ పాతాను. సీసా గురించి చెప్పాడు కాబట్టి సీసా గురించి పాటించాను. సంచి గురించి సారు ఏమీ చెప్పలేదు.

తోట గోపాల్‌పేట దాటాక ఉంటుంది. తోట అవ్వది. నాకు చుట్టమేమీ కాదు, ఊరంతా అవ్వ అనేది, నేనూ అన్నాను. అక్కడ తోటలను పూత మీదనే గుత్తకు ఇచ్చేస్తారు. కాత మొత్తం గుత్త పట్టినవాళ్లదే, తోటవాళ్లు ఒక్క కాయ కోయడానికి లేదు. కానీ ఎవరి తోటలోనైనా ఒక చెట్టును గుత్తలో కలపకుండా ఇంటికి ఉంచుకుంటారు. దాన్ని ఇంటి చెట్టు అంటారు. అవ్వ ఇంటి చెట్టు రాయిలాంటి పుల్లటి నాటుకాయ కాసేది. అవ్వ మొదటి కాన్పు కడుపుతో ఉన్నప్పుడు తిని విసిరేసిన టెంక అట. పెద్దబిడ్డా, చెట్టూ ఒకే ఏడు పుట్టాయి. చెట్టే నాలుగు నెలలు ముందు కాబట్టి దాని పేరు 'పెద్దది'. (గట్టు అనే ఊళ్లో కాపురముంటున్న అసలు పెద్దబిడ్డకు ఈ విషయంలో జీవితకాలపు అసంతృప్తి ఉండేది.) "తోటంత పోని, గుత్తోళ్లకు ఇస్త. గిది మాత్రం ఇయ్య. ఐదుగురు బిడ్డలు, ఐదు పచ్చడి జాడీలు. ఈ చెట్టు కాయ లేకుంటె వాండ్లు నా ఇంటికొచ్చుడు బంద్ జేస్తరు" అనేది అవ్వ. నవ్వుతూనే అనేది గానీ, మాఘం ఎండలో ఆ చెట్టు బెరడు మీద చెయ్యి వేసి నిలబడినప్పుడు చూస్తే నవ్వులాట కాదని తెలిసేది.

తోటలో అన్నిటికంటే చల్లటి నీడ పెద్దదానిదే. సహజంగానే నా కార్యాలయం దాని కింద వెలిసింది. నా గుడ్డ సంచిలో స్పిరిట్ బాటిల్, దూది, సబ్బు, సద్ది. ఆ సంచిని పొద్దున పదింటికి ఒక వంగిన కొమ్మకు తగిలిస్తే మళ్లీ నాలుగింటికే తీసేది. మధ్యలో సీసాలు ఒకసారి చూసొచ్చి పడుకునేవాణ్ని. పడుకుని పైకి చూస్తే గాలి నిండా ఉత్తరాలు అటూ ఇటూ పోతున్నట్టు అనిపించేది. చెట్టు పురుగుకు రాసినవి, పురుగు పురుగుకు రాసినవి, పూత తేనెటీగకు రాసినవి. ఇన్ని ఉత్తరాల నడుమ చదువురాని వాణ్ని నేనొక్కణ్నే. ఆ ఆలోచనకు కొంచెం దిగులేసేది. దిగులుకు నిద్ర పట్టేది.

రెండు చిక్కులు మాత్రం ఉండేవి. మొదటిది, సీసాల్లో పురుగులు పడటం లేదు. పదింటిలో కలిపి వారానికి నాలుగు. సారు ఫోనులో, "నాలుగా, నలభయ్యా?" అని రెండుసార్లు అడిగేవాడు. రెండోది, బాటిల్‌లో స్పిరిట్ తగ్గిపోతోంది. నిండుగా తెచ్చింది సాయంత్రానికి సగమయ్యేది. తోటలో నేను కాక ఉండేది కావలి తాత ఒక్కడే. నల్లమల కొండల నుంచి వచ్చి ఎన్నో ఏళ్లుగా ఆ తోటలోనే గుడిసె వేసుకున్నాడు. రోజుకు పది మాటలకు మించి మాట్లాడేవాడు కాదు, ఆ పదీ ఎక్కువగా మేకలతోనే. నాకు అనుమానం వచ్చింది. అనుమానం కంటే భయం ఎక్కువ వేసింది, ఎందుకంటే ఆ స్పిరిట్ తాగితే ప్రాణం మీదికొస్తుంది. బాటిల్ మీద పుర్రె బొమ్మ గీశాను. అయినా తగ్గింది. ఇక లాభం లేదని ఒకరోజు తాత పక్కన కూర్చుని, వీలైనంత మెత్తగా మొదలుపెట్టాను.

"తాతా, ఒక్క మాట చెప్త, ఏమనుకోకు. అది మంచిది కాదు."

తాత నా వైపు చాలా జాలిగా చూశాడు. "గదే నేను నీకు ఎట్ల జెప్పాల్నో అని వారం సంది పరేషాన్ అయితున్న" అన్నాడు.

"కండ్లు పోతయ్ తాతా."

"పోతయ్ బిడ్డ. తెలిసి గూడ ఎందుకు మరి?"

"మానెయ్యరాదూ?"

"మానెయ్యి. ఇయ్యాల్టి సంది మానెయ్యి. ఇంట్ల అమ్మ ఉన్నది గదా, ఆమె మొకం జూడు."

అంత చక్కగా ఒప్పుకున్నాడు కదా అని నాకు కళ్లు చెమర్చాయి. తాతకూ చెమర్చాయి. ఇద్దరం ఒకరి భుజం ఒకరు తట్టుకుని లేచాం. ఎవరు ఎవరిని సంస్కరించారో తేలడానికి ఇంకో పది రోజులు పట్టింది.

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే గుర్తులు చాలానే ఉన్నాయి. వనపర్తి నుంచి వచ్చే బస్సులో కండక్టరు నన్ను ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చోబెట్టేవాడు. చదువుకున్నవాణ్నని గౌరవం అనుకున్నాను. అవ్వ రోజూ పెద్ద గ్లాసుడు మజ్జిగలో నిమ్మకాయ పిండి, "తాగు కొడుకా, దిగుతది" అనేది. ఎండ దిగుతుందనుకున్నాను. ఒకరోజు ఉన్నట్టుండి, "ఏదన్న పిల్ల సంగతా? చెప్పు, నాతోని కానిదేమున్నది?" అని అడిగింది. అదేదో అడ్డదిడ్డం ప్రశ్న అనుకున్నాను. పెద్దదాని కొమ్మకు, సరిగ్గా నేను సంచి తగిలించే చోట, అగరుబత్తి బూడిద నిలబడినట్టు సన్నటి తెల్లటి పోగులు మొలుస్తున్నాయి. పడుకుని వాటిని చూస్తూ, గాలికి అవి రాలుతుంటే ముచ్చటపడేవాణ్ని. చెట్టుకు వయసైంది కదా, నెరుస్తోందేమో అనుకున్నాను. (డిగ్రీలో నాకు జంతుశాస్త్రం ఉంది. ఫస్టు క్లాసు.)

ఇంతలో కబురు తన పని తాను చేసుకుపోయింది. అవ్వ మనసు ఆగక గట్టులో ఉన్న పెద్దబిడ్డకు ఫోను చేసి, "మంచి పోరడు, పొద్దున పదింటికే వాసనొస్తుండు" అని చెప్పుకుని బాధపడిందట. ఆమె కిరాణా కొట్టులో చెప్పింది. గట్టు నుంచి అది అయిజ చేరింది. అయిజలో మా మేనమామ ఉంటాడు. అక్కడి నుంచి గద్వాల ఎంతసేపు? ఒక మధ్యాహ్నం నేను కళ్లు తెరిచేసరికి నా చుట్టూ నాన్న, మామ, మామ వెంట ఊరికే వచ్చిన ఒక పెద్దమనిషి, అవ్వ, తాత కూర్చుని ఉన్నారు. అందరూ పెద్దదాని నీడలోనే.

"లేచినవా?" అన్నాడు నాన్న. ఆ గొంతులో నేనెప్పుడూ వినని మెత్తదనం ఉంది. అది తిట్టుకంటే భయంకరంగా ఉంది.

"ఏందిరా అల్లుడా, మా ఇంట్ల ఎవ్వరికన్న ఉన్నదా ఈ అలవాటు?" అన్నాడు మామ. (మామకు ఉంది. కానీ అది అడిగే సమయం కాదు.)

"ఏ అలవాటు?" అన్నాను.

"ఇగో, గిట్లనే అంటరు అందరు" అన్నాడు ఊరికే వచ్చిన పెద్దమనిషి, మామకేసి తిరిగి.

"తాగేటోణ్ని నేను కాదు. తాత!" అన్నాను. తాత నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. లేచాడు. కొమ్మకున్న నా సంచిని తీసి, అడుగుభాగం ముక్కు దగ్గర పెట్టుకుని, తల వెనక్కి లాక్కున్నాడు. బాటిల్ తీసి తలకిందులు చేశాడు. మూత సందులోంచి ఒక్కొక్క చుక్క. మూత మర అరిగిపోయింది. ఆ చుక్క రెండు నెలలుగా సంచిలోకి, సంచి నుంచి చొక్కాలోకి, చొక్కా నుంచి పాలమూరు గాలిలోకి పోతూనే ఉంది. తర్వాత తాత కొమ్మ వైపు చూశాడు. తెల్ల పోగులను, అంటే పురుగు తొలిచి బయటికి తోసిన చెక్కపొడిని, వేలితో తుడిచాడు. కింద గుండుసూది మొనంత రంధ్రాలు. ఒకటి కాదు, కొమ్మ పొడుగునా.

"ఈ పోరడు తాగుతలేడు" అన్నాడు తాత. "సంచి తాగుతుంది. తాగి, చెట్టుకు తాపింది."

అందరూ హమ్మయ్య అనుకున్నారు, ఒక్క అవ్వ తప్ప. అవ్వ కొమ్మ దగ్గరికి పోయి, రంధ్రాల మీద చెయ్యి పెట్టి నిలబడింది. "వాసన గుప్పుమంటుంటె నీకు తెల్వకుండ ఎట్లుంటది?" అంది నావైపు చూడకుండా. నేను నోరు విప్పేలోపు నాన్న చెప్పేశాడు. "వానికి ముక్కు పనిచెయ్యదమ్మా. చిన్నప్పటి సంది. మంచి వాసన తెల్వదు, చెడ్డది తెల్వదు." నా గురించి నాన్న పది మందిలో ఒప్పుకున్న మొదటి నిజం అదే. మామ ఇంకా ఏదో సలహా ఇవ్వబోతుంటే అవ్వ చెయ్యి ఎత్తింది. "ఇగ చాలు. అందరు పోండ్రి. చెట్టుకింద జాగ లేదు."

మర్నాడు సారు వచ్చాడు. కొమ్మను చూశాడు, నా నోటు పుస్తకంలో ఎర్ర సిరా గీతలు చూశాడు, దూరంగా బుద్ధిగా వేలాడుతున్న పది సీసాలు చూశాడు. "పది సీసాలతో కానిది ఒక్క సంచితో చేశావయ్యా" అని నవ్వాడు. అవ్వ ముఖం చూసి మధ్యలోనే ఆపేశాడు. రంధ్రాలున్నంత మేరా, ఇంకో మూర కిందివరకూ కలిపి కొమ్మ కోయించి, అప్పుడే కాల్పించాడు. కోసిన చోట మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూయించాడు. మాను మీద కూడా కొన్ని పురుగులు ప్రయత్నించాయి, ఆ రంధ్రాల దగ్గర బంక ముద్దలు కట్టి ఉంది. "ఇది మంచి గుర్తు, బలమున్న చెట్టు బంకతో తోసేస్తుంది. నీళ్లు పెట్టండి. కోసిన చోట పులిసిన వాసన రాకుంటే బతికినట్టే" అన్నాడు. వస్తే ఏమిటో చెప్పలేదు. అవ్వా అడగలేదు.

నా సీజన్ అక్కడితో అయిపోయింది గానీ నేను ఇంటికి పోలేదు. రోజూ బోరు దగ్గరి నుంచి పెద్దదానికి నీళ్లు మోశాను. అవ్వ నాతో మాట్లాడేది కాదు. మజ్జిగ గ్లాసు మాత్రం గోడ మీద పెట్టి పోయేది (నిమ్మకాయ పిండటం మానేసింది). పొద్దున్నే వచ్చి, కోసిన చోట ముక్కు ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు నిలబడేది. నేను బిందె పట్టుకుని, పరీక్ష ఫలితాల బోర్డు ముందు చదువురానివాడిలా ఎదురుచూసేవాణ్ని. నాలుగో రోజు ఉండబట్టలేక అడిగాను.

"ఏం వాసనొస్తుందవ్వా?"

అవ్వ ఇంకోసారి ముక్కు ఆనించింది. "పచ్చి వాసన" అంది చివరికి. అది ఒక్క మాట. ఆ రోజు నేను రెండు బిందెలు ఎక్కువ మోశాను.

అలా మొదలైంది. రోజూ అడిగేవాణ్ని, రోజూ చెప్పేది. మొదట ఒక్క మాట, తర్వాత రెండు, తర్వాత నాకు తెలియదు కదా అని విడమర్చి. "తడిమట్టి తెలుసా? అది కడుపు నిండినోడు తేన్చినట్టుంటది." "పూత ఎట్లుంటదంటె, ఎండల ఆరేసిన కొత్త చీర మడతల ఎవలో బెల్లం ముక్క మర్చిపోయినట్టు." నేను ఎర్ర సిరాతో నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ని. ఉగాది దగ్గరపడుతుండగా, కోసిన చోటికి కొంచెం పక్కన రాగిరంగు లేత చిగురు వేసింది. అవ్వ దాన్ని నలపకుండా, వేళ్ల మధ్య ఊరికే పట్టుకుని వాసన చూసి, మొదటిసారి నా ముఖంలోకి చూసి చెప్పింది. "చంటిపిల్ల మాడు వాసనరా. తల్లికే తెలుస్తది." చెప్పి అటు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది. తాత మేకలతో ఏదో అన్నాడు, మేకలు ఒప్పుకున్నట్టే కనిపించాయి.

ఆ ఏడు నాలుగు జాడీలే నిండాయి. ఐదోది గట్టుకు పోవాల్సింది. కబురు పంపినందుకు దేవుడు అట్లా చేశాడని తాత అభిప్రాయం. ఆ పెద్దబిడ్డ నన్ను ఇప్పటికీ ఎక్కడ కనిపించినా "జాడీ దొంగ" అనే పిలుస్తుంది, అదీ పది మంది ముందు.

తర్వాత నేను వేరే ఉద్యోగాలు చేశాను, వాసనతో పనిలేనివే. మధ్యలో అందరూ ముఖానికి గుడ్డలు కట్టుకుని తిరిగిన ఆ జ్వరాల కాలం వచ్చింది. ఊళ్లకు ఊళ్లకే వాసన పోయింది. ఆ విషయంలో నేను అందరికంటే సీనియర్ని కాబట్టి కొంచెం గర్వంగా కూడా ఉండేది. ఒకరోజు అవ్వ ఫోను చేసింది. జ్వరం తగ్గింది గానీ ముక్కు తిరిగి రాలేదట, నెలలు గడిచినా. "గిట్ల ఎట్ల బతుకుతున్నవురా ఇన్నేండ్లు?" అని అడిగింది. నవ్వు లేదు ఆ గొంతులో. ఆ ఆదివారమే పోయాను.

పెద్దదాని కింద ఇద్దరం నిలబడ్డాం. పూత నిండుగా ఉంది. తేనెటీగలు పాత పాఠమే వల్లె వేస్తున్నాయి. గాలి నిండా ఉత్తరాలు, చదువురానివాళ్లం ఇప్పుడు ఇద్దరం. అవ్వ కర్ర ఆనించి, నాకు కొత్తగా వచ్చిన పొట్టను, పోయిన జుట్టును ఒకసారి చూసి, తల పైకెత్తి అడిగింది.

"ఏం వాసనొస్తుందిరా?"

నేను కళ్లు మూసుకుని, ముక్కు పైకెత్తి, ఏమీ తెలియని గాలిని గట్టిగా పీల్చాను. తర్వాత తీరిగ్గా చెప్పాను. ఎండలో ఆరేసిన కొత్త చీర, మడతల్లో మర్చిపోయిన బెల్లం ముక్క. కింద తడిమట్టి, కడుపు నిండినవాడు తేన్చినట్టు. కోసిన చోట చిగురుంది అవ్వా, దానిది చంటిపిల్ల మాడు వాసన.

అవ్వ ఒక్క మాట కూడా అడ్డం రాకుండా విన్నది. "గట్లనే ఉన్నదా ఇంక?" అంది.

"గట్లనే ఉంది."

"అబద్ధాలకోర్" అంది అవ్వ, బెరడు మీద చెయ్యి వేసి నిమురుతూ. "ఇంకోసారి చెప్పు."